సైప్రస్ అంటే ఏ చెట్టు? ఒక్క పేరు, ఎన్నో ఇళ్లు

మా మేడ మీద రెండు కుండీలున్నాయి. రెండిట్లోని మొక్కలూ కడియం నర్సరీల నుంచి ఒకే రోజు తెచ్చినవి. పేరేమిటని అడిగితే రెండూ ‘సైప్రస్సే’ అన్నారు. ఒకదాని రెమ్మ చిదిమితే నిమ్మతొక్క గిల్లినట్టు గుప్పున వాసన వస్తుంది. ఆకు మెత్తగా, పసుపు కలిసిన పచ్చగా ఉంటుంది. రెండోదాని రెమ్మలు సగం తెరిచిన పుస్తకంలో కాగితాల్లా నిలువుగా, బల్లపరుపుగా లేస్తాయి. చిదిమినా పెద్దగా వాసన ఉండదు. దాని లేత కాయలకు వంకర తిరిగిన చిన్న చిన్న కొమ్ములుంటాయి. మొదటిదాని సొంతూరు కాలిఫోర్నియా తీరం. రెండోదాని సొంతూరు చైనా, కొరియా ప్రాంతం; దాన్నే చాలామంది మోర్‌పంఖి అనీ, థూజా అనీ అంటారు. రెండూ దూరపు చుట్టాలే కానీ ఒకే చెట్టు కాదు.

ఈ తికమక మన నర్సరీలకే పరిమితం కాదు. 2023లో టిబెట్‌లోని యార్లుంగ్ సాంగ్‌పో లోయలో, అంటే మన బ్రహ్మపుత్ర ఎగువన, 102.3 మీటర్ల ఎత్తున్న సైప్రస్ ఒకటి దొరికిందని చైనా పరిశోధకులు ప్రకటించారు. కుతుబ్ మినార్ కంటే దాదాపు 30 మీటర్లు ఎక్కువ. డ్రోన్లతో, లేజర్లతో కొలిచిన ఆ ఎత్తు దగ్గర పేచీ రాలేదు, పేరు దగ్గర వచ్చింది. కొన్ని వార్తలు దాన్ని హిమాలయ సైప్రస్ అన్నాయి, కొన్ని టిబెట్ సైప్రస్ అన్నాయి. అంత పెద్ద చెట్టు కళ్లెదుట నిలబడి ఉన్నా అది ఏ జాతిదో వెంటనే చెప్పలేకపోయారంటే, చిక్కు చెట్టులో కాదు, పేర్ల పద్ధతిలో ఉందని అర్థం.

దీవి, తుంగ, సరుగుడు: ముందు ఇవి పక్కన పెడదాం

తెలుగులో రాసేటప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. మధ్యధరా సముద్రంలోని సైప్రస్ దేశాన్నీ ఈ చెట్టునీ మనం ఒకే అక్షరాలతో రాస్తాం. ఇంగ్లీషులో స్పెల్లింగులు వేరు. చెట్టు పేరు గ్రీకు మాట ‘కుపారిస్సోస్’ నుంచి వచ్చింది. రాగికి లాటిన్ పేరైన ‘కుప్రం’ మాత్రం ఆ దీవి నుంచి వచ్చింది, ఎందుకంటే రోమన్లకు రాగి అక్కడి గనుల నుంచి అందేది. దీవికి ఆ పేరు చెట్టు వల్లే వచ్చిందా అన్నది భాషావేత్తలు ఇప్పటికీ తేల్చని విషయం. ఆ దీవిలో ఈ చెట్లు సహజంగా పెరుగుతాయన్నది మాత్రం నిజం.

రెండో చిక్కు తుంగతో. పొలం గట్ల మీద పెరిగే తుంగగడ్డికి శాస్త్రీయ నామం ‘సైపరస్’. నాగరముస్తలు అనే తుంగ దుంపల నుంచి తీసే సుగంధ తైలాన్ని మార్కెట్లో సైప్రియోల్ అంటారు. సైప్రస్ చెట్టు రెమ్మల నుంచి తీసేది సైప్రస్ ఆయిల్. సీసాల మీద పేర్లు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. లోపలున్నవి ఒకటి గడ్డి జాతిని పోలిన మొక్క దుంప నుంచి వచ్చింది, ఇంకొకటి పువ్వే పూయని చెట్టు నుంచి వచ్చింది.

మూడోది మనకు బాగా దగ్గరిది, సరుగుడు. పారశీకంలో సైప్రస్‌ని ‘సర్వ్’ అంటారు. దక్కనీ, ఉర్దూ కవిత్వంలో నిటారుగా నడిచే ప్రియురాలిని ఆ చెట్టుతోనే పోలుస్తారు. ఆ మాట మరాఠీలో ‘సురు’ అయింది, కానీ అక్కడ దాని అర్థం సరుగుడు. మన ‘సర్వి’ చెవికి ఎంత దగ్గరగా ఉందో వేరే చెప్పక్కర్లేదు. దూరం నుంచి చూస్తే రెండూ సన్నగా, ముదురు పచ్చగా, గాలికి హోరుమంటూ ఉంటాయి. దగ్గరికెళ్తే తేడా తెలిసిపోతుంది. సరుగుడు ‘ఆకు’ నిజానికి కణుపులున్న సన్నటి కొమ్మ. కణుపు దగ్గర లాగితే ఊడుతుంది, మళ్లీ గుచ్చితే అతుక్కుంటుంది. ఎక్కడ తెంపానో చెప్పు అని కోస్తా పిల్లలు ఆడుకునే ఆట అదే. ఆ కణుపు చుట్టూ పళ్లలా కనిపించేవే అసలు ఆకులు. సరుగుడు పూలు పూసే మొక్కల వర్గంలోది. దాని గుండ్రటి గరుకు కాయ చూడ్డానికి శంకువులా, అంటే పైన్, సైప్రస్ లాంటి చెట్లు గింజలు దాచుకునే చెక్క కాయలా, ఉంటుంది కానీ శంకువు కాదు.

ఒకే మాటకు మూడు అర్థాలు

‘సైప్రస్’ అన్నప్పుడు మనుషులు మూడు వేర్వేరు సంగతులు చెబుతుంటారు.

అన్నిటికంటే పెద్దది కుటుంబం, కుప్రెసేసీ. దాదాపు 30 ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు), 130కి పైగా జాతులు ఇందులో ఉన్నాయి. అంటార్కిటికా తప్ప ప్రతి ఖండంలోనూ ఈ కుటుంబం వాళ్లున్నారు. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కోస్ట్ రెడ్‌వుడ్, అతి భారీ సెకోయా, లదాఖ్‌లో ధూపం వేసే జునిపర్, జపాన్ సుగి, మా మేడ మీది మోర్‌పంఖి, అన్నీ ఈ కుటుంబమే.

కుటుంబం లోపల చిన్న గుంపు కుప్రెసస్ అనే ప్రజాతి. నిజమైన సైప్రస్ అంటే ఇదే. ఆకులు సూదుల్లా కాకుండా పొలుసుల్లా, ఎదురెదురు జతలుగా, కొమ్మకు అతుక్కుని ఉంటాయి. ఒక జత పక్కలకు ఉంటే తర్వాతి జత ముందువెనకలకు ఉంటుంది కాబట్టి రెమ్మని అడ్డంగా కోస్తే నాలుగు వరసలు కనిపిస్తాయి. శంకువు గోళీ నుంచి ఉసిరికాయంత వరకూ ఉంటుంది. గుండ్రంగా, చెక్క బిళ్లలు ఒకదానికొకటి ఆనించి కుట్టిన ఫుట్‌బాల్‌లా ఉంటుంది. ఎండితే బిళ్లల మధ్య సందుల్లోంచి రెక్కలున్న గింజలు రాలుతాయి.

మూడో అర్థం పేరు అరువు తెచ్చుకున్నవాళ్లది. అమెరికా ఆగ్నేయంలో చిత్తడి నేలల్లో పెరిగే ‘బాల్డ్ సైప్రస్’ శరత్కాలంలో ఆకంతా రాల్చేస్తుంది, నీళ్లలోంచి మోకాళ్లలాంటి వేళ్లు పైకి పంపుతుంది. దాని ప్రజాతి టాక్సోడియం. ఆస్ట్రేలియాలో ‘సైప్రస్ పైన్’ అనేది కాలిట్రిస్. అది పైనూ కాదు, కుప్రెససూ కాదు. జపాన్ హినోకిని ‘ఫాల్స్ సైప్రస్’ అంటారు, దాని ప్రజాతి కమేసిపారిస్. ఇవన్నీ కుప్రెసేసీ కుటుంబం వాళ్లే కాబట్టి బంధుత్వం అబద్ధం కాదు. పైగా బాల్డ్ సైప్రస్‌కి 1753లో లిన్నేయస్ పెట్టిన పేరే కుప్రెసస్ డిస్టికా. తర్వాత శాస్త్రం దాన్ని వేరే ఇంటికి పంపింది, జనం నోట్లో పాత పేరే నిలిచిపోయింది. హ్యూస్టన్ పక్కన సైప్రస్ అనే ఊళ్లో ఉంటున్న తెలుగువాళ్లకు ‘సైప్రస్’ అంటే ఈ టాక్సోడియమే. అక్కడి దుకాణాల్లో సంచుల్లో అమ్మే సైప్రస్ మల్చ్ (మొక్కల మొదట్లో పరిచే చెక్కపొట్టు) కూడా ఎక్కువగా దీనిదే.

ఇంటిపేరు తగాదా

శాస్త్రీయ నామాల పద్ధతి తెలుగువాళ్లకి కొత్తగా అనిపించకూడదు. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. కుప్రెసస్ సెంపర్‌వైరెన్స్ అంటే కుప్రెసస్ వారింటి ‘నిత్యం పచ్చనిది’. మధ్యధరా సైప్రస్‌కి ఈ పేరు కూడా 1753లోదే. సొంత పేరు ఒకసారి పెడితే సాధారణంగా అలాగే ఉంటుంది. తగాదా ఇంటిపేరుతో వస్తుంది.

ఈ కాలపు వర్గీకరణలో ఒక ఇంటిపేరు పెట్టడానికి రెండు షరతులున్నాయి. ఆ పేరున్నవాళ్లంతా ఒకే మూలపురుషుడి సంతతి అయి ఉండాలి. ఆ సంతతిలో ఏ శాఖనూ బయట వదలకూడదు. ఆసియా, యూరప్, ఆఫ్రికా సైప్రస్‌లు ఒక శాఖ. అమెరికా ఖండాల సైప్రస్‌లు ఇంకో శాఖ. ఆకూ కాయా చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఎన్నో ఏళ్లు అందరినీ కుప్రెసస్ అనే పిలిచారు. డీఎన్ఏ పోల్చడం మొదలయ్యాక కొన్ని అధ్యయనాల్లో వేరే చిత్రం కనిపించింది. పాత ఖండాల సైప్రస్‌లకు అమెరికా సైప్రస్‌ల కంటే జునిపర్లే దగ్గర చుట్టాలని తేలింది. అదే నిజమైతే, రెండు సైప్రస్ శాఖలకీ ఒకే ఇంటిపేరు ఉంచడం అంటే, సొంత తమ్ముడి పిల్లల్ని వేరే ఇంటివాళ్లని రాసి, పెదతాత మనవల్ని మాత్రం మన ఇంటిపేరు కింద చేర్చుకున్నట్టు. అందుకే 2009లో అమెరికా సైప్రస్‌లకు హెస్పరోసైపారిస్, అంటే ‘పడమటి సైప్రస్’, అని కొత్త ఇంటిపేరు పెట్టారు.

అందరూ ఒప్పుకోలేదు. విడదీయొద్దనేవాళ్ల వాదన కూడా బలమైనదే. కణంలోని ఏ భాగం డీఎన్ఏ తీసుకున్నారన్న దాన్ని బట్టి బంధుత్వాల చిత్రం మారుతోంది. చూపు స్థిరపడకుండానే పేర్లు మారిస్తే అటవీ శాఖల రికార్డులు, హెర్బేరియం (ఎండు మొక్కల నమూనాలు దాచే చోటు) చీటీలు, విత్తనాల వ్యాపారం అన్నీ గందరగోళం అవుతాయి. అసలు ప్రజాతి అనేది గుర్తుపట్టడానికి పనికిరావాలి కదా, చేతిలో పట్టుకుని తేడా చెప్పలేనివాటిని రెండుగా చీల్చి లాభమేమిటని వాళ్లడుగుతారు. నాకు మాత్రం విడదీసే వాదమే కొంచెం ఎక్కువ నచ్చుతుంది. ఖండాల వారీగా శాఖలు అంత శుభ్రంగా విడిపోయినప్పుడు పేరులో అది కనబడితే మంచిదే.

ఈ తగాదా ఎంత దూరం వెళ్తుందో ఒక చెట్టు మీద చూద్దాం. వేల్స్‌లోని లైటన్ హాల్ తోటలో కాలిఫోర్నియా మాంటరే సైప్రస్, అలాస్కా వైపు పెరిగే నూట్కా సైప్రస్ పక్కపక్కన నాటారు. సొంత దేశంలో వీటి ఊళ్లు ఎప్పుడూ కలవవు. అక్కడ కలిశాయి. 1888లో ఆ గింజల నుంచి లేలాండ్ సైప్రస్ అనే సంకరం పుట్టింది. సంకరం పేరు తల్లిదండ్రుల ఇంటిపేర్లు కలిపి పెడతారు. నూట్కా చెట్టు కమేసిపారిస్ అనుకున్నన్నాళ్లూ సంకరం కుప్రెసోసైపారిస్ అయింది. 1999లో వియత్నాంలో నూట్కాకి దగ్గరి చుట్టం ఒకటి బయటపడింది. 2002లో ఆ రెండిటికీ జాంథోసైపారిస్ అని పేరు పెడితే సంకరం కుప్రోసైపారిస్ అయింది. నూట్కాకి కాలిట్రాప్సిస్ అనే పేరు 1864లోనే ఉందని గుర్తించి దానికి ఆ పేరిస్తే, మాంటరేకి హెస్పరోసైపారిస్ ఇస్తే, సంకరం హెస్పరోట్రాప్సిస్ అయింది. అందరినీ కుప్రెసస్‌లోనే ఉంచితే మళ్లీ ఉత్త కుప్రెసస్సే. చెట్టులో ఒక్క ఆకు మారలేదు.

బ్రిటన్‌లో ఈ లేలాండ్‌నే కంచెగా వరసగా నాటారు. అది ఆగకుండా పెరిగి పక్కింటి కిటికీలకు వెలుతురు రాకుండా చేసింది. గొడవలు ముదిరి, 2003లో చేసిన ఒక చట్టంలో రెండు మీటర్లు దాటిన పచ్చ కంచెల మీద స్థానిక కౌన్సిల్‌కి ఫిర్యాదు చేసే వీలు కల్పించారు.

సొంతూరు ఏది, మెట్టిన ఊరు ఏది

టస్కనీ కొండల మీద బాణాల్లా నిలబడ్డ సైప్రస్‌ల ఫొటోలు చూసి అది ఇటలీ చెట్టే అనుకుంటాం. దాని సహజ ప్రాంతం తూర్పు మధ్యధరా: క్రీట్, సైప్రస్ దీవులు, దక్షిణ టర్కీ, లెబనాన్, సిరియా, అక్కడి నుంచి ఇరాన్ దాకా. ఇటలీకి మనుషులు ప్రాచీన కాలంలోనే తీసుకెళ్లారు. ఆ బాణం ఆకారం కూడా మనుషులు ఏరి పెంచిందే. అడవిలో పెరిగే సైప్రస్ చాలావరకు కొమ్మలు పక్కలకు చాస్తుంది.

పేరుని నమ్మి సొంతూరు వెతికితే ఎలా మోసపోతామో చెప్పే చెట్టు కుప్రెసస్ లుసిటానికా. లుసిటానికా అంటే పోర్చుగల్‌ది అని అర్థం. 1768లో వర్ణన రాసినప్పుడు పోర్చుగల్‌లో పెంచుతున్న చెట్లే ఆధారం. పోర్చుగల్ వాళ్లేమో అది గోవా నుంచి వచ్చిందనుకుని ‘గోవా సెడార్’ అన్నారు. నిజానికి అది మెక్సికో, మధ్య అమెరికా కొండల చెట్టు. పోర్చుగల్‌దీ కాదు, గోవాదీ కాదు, సెడారూ కాదు. ఇప్పుడు కెన్యాలో కలప కోసం విస్తారంగా పెంచుతున్నది కూడా ఇదే.

మన దేశంలో సహజంగా పెరిగేది హిమాలయ సైప్రస్, కుప్రెసస్ టోరులోసా. ఉత్తరాఖండ్‌లో సురాయి అంటారు. సున్నపురాయి కొండలంటే దానికి ఇష్టం. నైనీతాల్ చుట్టుపక్కల చూడొచ్చు. భూటాన్ జాతీయ వృక్షం కూడా సైప్రస్సే. అక్కడి పేరు ‘త్సెండెన్’ విన్నప్పుడు చందనం గుర్తొస్తే పొరపాటు కాదు, ఆ మాట సంస్కృతం నుంచి టిబెట్ మీదుగా వెళ్లిందే.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించేది సహారా సైప్రస్. అల్జీరియాలోని తస్సిలి పీఠభూమి మీద, ఇసుకా రాయీ తప్ప ఏమీ లేని చోట, లెక్కపెడితే 233 చెట్లు మిగిలాయి. ఆ ప్రాంతం పచ్చగా ఉన్న కాలం నుంచి తెగిపోకుండా వచ్చిన వంశం అది. దాని పునరుత్పత్తి ఇంకా విచిత్రం. 2001లో బయటపడిన సంగతేమిటంటే, దాని గింజలోని పిండం పుప్పొడి నుంచి, అంటే తండ్రి నుంచి మాత్రమే తయారవుతుంది. తల్లి చెట్టు పోషణ మాత్రమే ఇస్తుంది. ఆ పుప్పొడి మధ్యధరా సైప్రస్ మీద పడితే ఆ చెట్టు కడుపున సహారా సైప్రస్ మొలుస్తుంది. ఆ పద్ధతితో దాన్ని కాపాడే వీలు కూడా కనిపిస్తోంది.

మాంటరే సైప్రస్‌ది దీనికి తిరగేసిన కథ. కాలిఫోర్నియాలో కార్మెల్ ఊరి దగ్గర, సైప్రస్ పాయింట్, పాయింట్ లోబోస్ అనే రెండు చిన్న తోపులే దాని సహజ స్థానాలు. మనుషులు మాత్రం న్యూజీలాండ్ పొలాల దాకా తీసుకెళ్లారు. మా కుండీలో నిమ్మవాసన వేసే మొక్క, గోల్డ్‌క్రెస్ట్, దీని రకమే. పొగమంచు తాగి పెరిగిన జాతి మే నెల ఎండలో ఎందుకు గోధుమరంగుకి తిరుగుతుందో, పక్కనున్న మోర్‌పంఖి ఎందుకు తొణకదో ఇక్కడ తెలిసిపోతుంది.

చెక్క ఎందుకు చెడదు, ఎప్పుడు చెడుతుంది

ఈ కుటుంబం చెట్ల చేవలో పురుగుకీ బూజుకీ గిట్టని నూనెలుంటాయి. ఆ వాసనే దానికి కాపలా. జపాన్‌లో హోర్యూజీ ఆలయం హినోకి చెక్కతో కట్టినది. ప్రపంచంలో నిలిచి ఉన్న అతి పాత చెక్క కట్టడాల్లో అది ఒకటి. ఇసే పుణ్యక్షేత్రాన్నైతే హినోకితోనే 20 ఏళ్లకోసారి కొత్తగా కడతారు; చివరిసారి 2013లో కట్టారు. ఇటలీలో పియానోలాంటి హార్ప్సికార్డ్ వాద్యాలకు సన్నటి సైప్రస్ పలకలు వాడేవారు. ఆస్ట్రేలియాలో చెదలు తట్టుకుంటుందని కాలిట్రిస్ చెక్కని ఇంటి నేలకు వేస్తారు.

‘సైప్రస్ అంటే చెడదు’ అన్న మాటని మాత్రం యథాతథంగా తీసుకోకూడదు. ఆ గుణం చేవది. చేవ పట్టడానికి ఏళ్లు కావాలి. వందల ఏళ్ల బాల్డ్ సైప్రస్‌లు కొట్టి పడవలు, నీటి తొట్లు చేసిన కాలంలో వచ్చిన పేరది. ఇప్పుడొచ్చే లేత చెట్ల పలకల్లో తెల్ల చెక్క ఎక్కువ, దానికి ఆ బలం లేదు. అదే జాతి కొట్టకుండా వదిలితే ఎంత బతుకుతుందో నార్త్ కరోలినాలోని బ్లాక్ రివర్ దగ్గర తెలిసింది. అక్కడ ఒక చెట్టు కనీసం 2,624 ఏళ్లదని 2019లో వలయాల లెక్కతో తేల్చారు.

మనకి ఈ చెట్టు కలపగా కంటే బొమ్మగా ముందు పరిచయం. ఇరాన్ మార్కెట్ కోసం మచిలీపట్నంలో అద్దిన కలంకారీ తెరల మీద తోరణం కింద సైప్రస్ కనిపిస్తుంది. చీర అంచుల మీది మామిడి పిందె కూడా గాలికి కొన వంగిన సైప్రస్సేనని కొందరంటారు. అది పూలమొక్క బొమ్మ క్రమంగా కుదించుకుపోయి ఏర్పడిన రూపమని మరికొందరంటారు.

మంటను ఆపుతుందా, అంటిస్తుందా?

ఈమధ్య కాలంలో సైప్రస్ మీద అన్నిటికంటే వేడిగా నడుస్తున్న చర్చ ఇదే. 2012లో స్పెయిన్‌లోని వాలెన్సియా ప్రాంతంలో పెద్ద కార్చిచ్చు వేల హెక్టార్లు కాల్చేసింది. ఆ మధ్యలో మధ్యధరా సైప్రస్‌లు పెంచుతున్న ఒక ప్రయోగ క్షేత్రం ఉంది. చుట్టూ ఓకులు, పైన్లు బూడిదైతే అక్కడి 946 సైప్రస్‌లలో కాలినవి 12. తర్వాత ప్రయోగశాలలో చూస్తే, పచ్చి ఆకు వేసవిలో కూడా నీటిని బాగా పట్టి ఉంచుతుందనీ, అంటుకోవడానికి ఎక్కువ సేపు తీసుకుంటుందనీ తేలింది. కింద రాలిన ఆకు చాపలా దట్టంగా పరుచుకుని తేమని కాపాడుతుంది. అందుకని కార్చిచ్చుకి అడ్డుగోడగా సైప్రస్ వరసలు నాటొచ్చన్న ఆలోచన వచ్చింది.

కాలిఫోర్నియా అగ్నిమాపక సిబ్బంది సరిగ్గా ఎదురు మాట చెబుతారు. ఇంటి గోడకు ఆనించి ఇటాలియన్ సైప్రస్ నాటొద్దంటారు, నిలువునా కాగడాలా మండుతుందంటారు. రెండు చోట్లా చెట్టు జాతి ఒకటే.

రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు. స్పెయిన్‌లో పరీక్షకు నిలిచింది విడివిడిగా, కుదురుగా పెరిగిన తోపు. కాలిఫోర్నియాలో సమస్య కత్తిరించి సన్నగా పెంచిన వీధి చెట్టు. బాణం ఆకారంలో రెమ్మలు ఒకదాన్నొకటి ఒత్తుకుని పెరుగుతాయి. వెలుతురు అందని లోపలి రెమ్మలు చచ్చిపోతాయి కానీ కింద పడే దారి లేక అక్కడే ఇరుక్కుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ పైన పచ్చటి తొడుగు, లోపల ఎండు చితుకులు. మండేది ఆ చితుకులే.

ఇది రాస్తూ మేడ మీదికి వెళ్లి గోల్డ్‌క్రెస్ట్ ఆకుని రెండు చేతులతో విడదీసి చూశాను. మొక్క ఎత్తు నా నడుము దాకానే. పైపొర రెండంగుళాలు నిగనిగలాడుతోంది. దాని వెనక అంతా పొడి గోధుమరంగు. వేలితో కదిపితే గలగలమని కుండీ నిండా రాలింది.